మట్టి కొనేది లీటర్లలో, మోసేది తడి కిలోల్లో: ట్రాక్టరా, సంచులా, కోకోపీటా?

మూడేళ్ల కింద నల్లగొండలో మా మిద్దె మీద కూరగాయలు పెడదామని ఒక ట్రాక్టర్ ఎర్రమట్టి చెప్పాను. ఎంత కావాలో లెక్క వేసుకోలేదు. మట్టి అంటే ట్రాక్టర్ లెక్కే కదా అనుకున్నాను. డ్రైవర్ తొట్టి ఎత్తి గేటు ముందర కుమ్మరించి పోయాక చూస్తే బండి బయటికి తీసే తోవ లేదు. ఇద్దరు కూలీలు తట్టలతో మెట్లెక్కి 24 గ్రో బ్యాగులకు (మొక్కలు పెంచే సంచులకు) సరిపడా మట్టి మోశారు. పొద్దుగూకే వేళకు కిందికి దిగి చూస్తే, కుప్పను ఎవరూ ముట్టనట్టే ఉంది.

తర్వాత టేపు పట్టుకుని లెక్క వేశాను. నాకు కావలసిన మట్టి 300 లీటర్లు. తెప్పించింది 2,500 లీటర్ల పైనే. అంటే ఎనిమిదింతలు. మిగిలింది గోడ పక్కన వానాకాలం దాకా పడి ఉండి, మొదటి పెద్ద వానకు సగం మోరీలోకి పోయింది. పక్కింటి వదిన రెండు నెలలు నాతో మాట్లాడలేదు.

అందుకే ఏ మట్టి మంచిది అనే ప్రశ్న కంటే ముందు ఎంత మట్టి, ఎంత బరువు అన్నది తేల్చుకోవాలి. ఈ రెండూ ఒకటి కావు. కొనేటప్పుడు చూడాల్సింది ఘనపరిమాణం, అంటే లీటర్లు. మిద్దె మీద పెట్టేటప్పుడు చూడాల్సింది బరువు, అదీ నీళ్లు పోసిన తర్వాతి బరువు. ఈ రెండింటినీ కలిపేసుకున్నవాళ్లు నాలాగా ఎక్కువ కొంటారు, లేదంటే స్లాబ్ మీద మోయలేనంత పెడతారు.

కొలతకు పెయింట్ బకెట్ చాలు

20 లీటర్ల ఖాళీ పెయింట్ బకెట్ కంటే మంచి కొలపాత్ర లేదు. ఏ ఇంట్లో చూసినా ఒకటి ఉంటుంది. మేస్త్రీలు మాట్లాడేది సీఎఫ్టీలో, అంటే ఘనపు అడుగుల్లో. ఒక ఘనపు అడుగు 28.3 లీటర్లు, సుమారు బకెట్టున్నర. ఇంకో కొలత సిమెంటు సంచి. 50 కిలోల సిమెంటు బస్తాను మేస్త్రీలు ఒకటింబావు ఘనపు అడుగుగా లెక్కేస్తారు, 35 లీటర్లు. మూతి కట్టడానికి జాగా వదిలితే 30 లీటర్ల మట్టి పడుతుంది. ఆ సంచి దగ్గర దగ్గర 40 కిలోలు తూగుతుంది, ఒక మనిషి భుజాన వేసుకోగలడు. యూరియా సంచి మాత్రం తీసుకోకండి. యూరియా మట్టి కంటే చాలా తేలిక కాబట్టి ఆ సంచి పెద్దది. దాన్ని మట్టితో నింపితే 70 కిలోలు దాటుతుంది, మెట్ల మీద నడుం పోతుంది.

గ్రో బ్యాగ్ లెక్క ఇలా వస్తుంది. 12 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు ఉన్న గుండ్రటి సంచి అంచు దాకా నింపితే 22 లీటర్లు. పైన అంగుళం, అంగుళంన్నర వదులుతాం కాబట్టి సరిగ్గా పెయింట్ బకెట్ ఒకటి. ఇది గుర్తుంటే మిగతావి సులువు. 15×15 సంచికి రెండు అంగుళాలు వదిలి 38 లీటర్లు, అంటే రెండు బకెట్లకు కాస్త తక్కువ. 18×18 సంచి చూడటానికి కొంచెమే పెద్దగా కనిపిస్తుంది, కానీ 67 లీటర్లు మింగుతుంది. వెడల్పు, ఎత్తు రెండూ ఒకటిన్నర రెట్లు పెరిగితే మట్టి మూడింతలకు పైగా పెరుగుతుందని దుకాణంలో నిలబడినప్పుడు ఎవరికీ తట్టదు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న బెడ్‌ను పది అంగుళాలు నింపితే 190 లీటర్లు.

నా 24 సంచులు 15×15వి. 24ను 38తో గుణిస్తే 912 లీటర్లు. అందులో మట్టి మూడో వంతే, మిగతాది ఎరువు, కోకోపీట్ అనే కొబ్బరి పీచు పొట్టు. అలా వచ్చింది ఆ 300. పది సిమెంటు సంచుల మట్టితో అయిపోయే పని అది.

ఈ లెక్కకు ఒక మెలిక ఉంది. మూడు బకెట్ల వేర్వేరు సరుకు కలిపితే మూడు బకెట్ల మిశ్రమం రాదు. మట్టి రేణువులు కోకోపీట్ సందుల్లో దూరిపోతాయి. కలిపాక కొలిస్తే రెండున్నర బకెట్లకు కొంచెం పైన ఉంటుంది. ఆ మీద నెల రోజులు నీళ్లు పోస్తే సంచిలో ఇంకో అంగుళం, రెండు అంగుళాలు దిగుతుంది. కాబట్టి లెక్కకు వచ్చినదాని మీద 15 నుంచి 20 శాతం కలిపి తెచ్చుకోండి. అంతకు మించి వద్దు.

ఏ మట్టి ఎంత తూగుతుంది

మా దక్షిణ తెలంగాణలో దొరికేవి ముఖ్యంగా నాలుగు: ఎర్ర చల్క (తేలికపాటి ఎర్రమట్టి), దుబ్బ, నల్లరేగడి, చెరువు మట్టి. ఐదోది మొరం, అంటే రాళ్లు కలిసిన గరుకు మట్టి. దాన్ని ఎవరూ మొరం అని చెప్పి తోటకు అమ్మరు, ఎర్రమట్టి అనే అమ్ముతారు. నాకు వచ్చిన కుప్పలో అడుగు సగం అదే. పైన మెత్తగా ఎర్రగా ఉంది, పార దించితే కణ్ కణ్ మంది.

బకెట్‌తో దీన్ని పట్టుకోవచ్చు. పొడిగా ఉన్న ఎర్రమట్టిని పెయింట్ బకెట్‌లో అదమకుండా నింపి, కొక్కెం తూకంతో ఎత్తండి. బకెట్ బరువు ఒక కిలో తీసేయండి. మామూలు చల్క అయితే 25, 26 కిలోలు వస్తుంది. 30 దాటిందంటే అందులో ఉన్నది మొరం, లేకపోతే ఇసుక. కళ్లతో చూసి ఎర్రగా ఉందని ఒప్పుకునే కంటే ఈ తూకం నయం. నేను ఇప్పుడు మట్టి చూడటానికి పోతే బకెట్, కొక్కెం రెండూ బండి మీద పెట్టుకునే పోతాను. అమ్మేవాళ్లు నవ్వుతారు, నవ్వనీ.

అదే బకెట్‌లో నీళ్లు పోసి, అడుగున రంధ్రాలుంటే కారిపోనిచ్చి, దిగినంత మేర మళ్లీ మట్టి నింపి తూచండి. 34 కిలోల దగ్గర ఆగుతుంది. అంటే లీటరుకు 1.7 కిలోలు. పొడిగా 26 కిలోలు తూగిన బకెట్ నిండా మట్టి, తడిసి దిగాక మళ్లీ నింపితే 34 అవుతుందన్న మాట. మిద్దె తోట లెక్కలన్నీ ఈ రెండో అంకెతోనే వేయాలి.

నల్లరేగడి సంగతి వేరు. ఎండినప్పుడు అది గడ్డలు గడ్డలుగా ఉంటుంది, గడ్డల మధ్య ఖాళీ ఎక్కువ. బకెట్ నిండినట్టే ఉంటుంది కానీ గడ్డలు పగలగొడితే నాలుగో వంతు తగ్గుతుంది. కాబట్టి రేగడిని గడ్డల మీద కొలిచి కొంటే నష్టం మనకే. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. కుండీలో ఒంటరిగా వేస్తే ఎండాకాలంలో అంచు దగ్గర వేలు దూరేంత చీలిక వస్తుంది. పోసిన నీళ్లు ఆ చీలికలోంచి జారి అడుగు రంధ్రం నుంచి బయటికి వస్తాయి. చెట్టు వాడిపోతుంటే, నీళ్లు బాగానే పోస్తున్నాం కదా అని మనం తల గోక్కుంటాం. గద్వాల, అలంపురం వైపు కృష్ణా, తుంగభద్రల దగ్గర రేగడి పొలాలున్నవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. కుండీలకు రేగడి వాడాలంటే ఐదో వంతుకు మించనీయకండి.

దుబ్బ నేల ఇసుక పాలు ఎక్కువున్నది. నీళ్లు నిలవవు, పొడిగా కూడా బరువే. వేర్లు బాగా దిగుతాయి కాబట్టి ముల్లంగి, క్యారెట్‌కు కొంత కలుపుకోవచ్చు. అంతకంటే దాని గురించి చెప్పేదేం లేదు.

చెరువు మట్టి మీద నాకు పక్షపాతం ఉంది, ముందే చెప్తున్నాను. 2015లో చెరువులు బాగుచేసే సర్కారు పథకం మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువుల్లో పూడిక తీస్తుంటే రైతులు ట్రాక్టర్లు కట్టుకుని ఆ మట్టిని చల్కల్లోకి తోలుకున్నారు. మా మేనమామ కూడా తోలాడు. చల్కకు లేని గుణం ఈ మట్టికి ఉంది: సన్నటి ఒండ్రు, నీటిని పట్టి ఉంచుతుంది. చల్కకు ఉన్న గుణం దీనికి లేదు: గాలి ఆడదు. రెండూ కలిస్తేనే అందం. నల్లరేగడిలాగే ఇదీ గడ్డ కడుతుంది, గడ్డలు కొట్టాకే కొలవాలి. నత్తగుల్లలు, తుంగ గడ్డలు వస్తాయి, ఏరుకోవాలి. తోలడానికి అనుమతి ఉందా అని అమ్మేవాళ్లను అడగడం మరవకండి.

నేల మీదనా, మిద్దె మీదనా

ఎంపిక ఇక్కడే విడిపోతుంది. నేల మీద తోట వేసేవాళ్లకు బరువు టెన్షన్ లేదు. వాళ్లు చూసుకోవాల్సింది ఘనపరిమాణం, ధర. ఇంటి వెనక 200 చదరపు అడుగుల జాగా ఉండి, అది చల్కే అయితే మట్టిని మార్చే పనే లేదు. పైన ఒక అంగుళం చెరువు మట్టి, ఒక అంగుళం మాగిన పెంట (పశువుల ఎరువు) పరిచి, గడ్డపారతో తవ్వి కలిపితే చాలు. 200 చదరపు అడుగుల మీద ఒక అంగుళం అంటే 16.7 ఘనపు అడుగులు, 470 లీటర్లు. ట్రాక్టర్‌లో ఐదో వంతు కంటే తక్కువ. ఒక్కరే ట్రాక్టర్ తెప్పించుకుంటే ఐదు అంగుళాల మందాన పరచాల్సి వస్తుంది, అప్పుడు వానకు బురద, ఎండకు పెంకు. గల్లీలో నలుగురైదుగురు కలిసి ఒక ట్రిప్పు చెప్పుకోవడం ఉత్తమం. పంచుకునేటప్పుడు గొడవ రాకుండా బకెట్లు ఎంచుకోండి, కళ్లతో పంచితే ఎవరికి వాళ్లకు తక్కువే కనిపిస్తుంది.

మిద్దె మీద అయితే ఒక చిన్న సూత్రం గుర్తు పెట్టుకోండి. ఒక చదరపు అడుగు మీద ఒక అంగుళం మందం మట్టి అంటే 2.36 లీటర్లు. తడి ఎర్రమట్టి అయితే అది 4 కిలోలు. అడుగు మందం వేస్తే చదరపు అడుగుకు 48 కిలోలు. మనుషులు ఎక్కి తిరిగే మిద్దెకు మన దేశ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం చెప్పే భారం చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే 150 కిలోల చిల్లర. చదరపు అడుగుకు 14 కిలోలు. ఇందులోనే మనుషులు, కుర్చీలు, ఎండబెట్టిన మిరపకాయలు అన్నీ రావాలి. 48 ఎక్కడ, 14 ఎక్కడ.

అలాగని మిద్దె తోటే వద్దని కాదు. మూడు సమపాళ్ల మిశ్రమం, అంటే ఎర్రమట్టి, ఎరువు, కోకోపీట్ కలిపినది, తడిసినప్పుడు లీటరుకు 1.1 కిలోల దగ్గర ఉంటుంది. 15×15 సంచి అప్పుడు 42 కిలోలు. దాన్ని 14తో భాగిస్తే 3. ఒక్కో సంచికి మూడు చదరపు అడుగుల జాగా చూపిస్తే లెక్క సరిపోతుంది, కాస్త ఎక్కువ వదిలితే మనం తిరిగే బరువుకూ చోటుంటుంది. అదే సంచిలో వట్టి ఎర్రమట్టి పోస్తే 65 కిలోలు, నాలుగున్నర చదరపు అడుగులు దాటాలి. బరువైనవి గోడల మీదుగా, దూలాల మీదుగా పెట్టండి, గది నడిమధ్యలో గుంపుగా వద్దు. పాలమూరు పల్లెల్లో ఇంకా బండలు పరిచిన కప్పులు, మట్టి మిద్దెలు ఉన్నాయి. వాటి మీద ఈ అంకెలు చెల్లవు, ఏమీ పెట్టకండి. పాత స్లాబ్ అయినా, ఇనుము బయటికి తేలినా ఇంజినీరుకు చూపించాకే మాట.

తేలిక చేయడానికి కోకోపీటా, ఊకా

కోకోపీట్ ఇటుక 5 కిలోలది నానబెడితే 70 లీటర్ల దాకా పొంగుతుంది. నానబెట్టి పిండితే బకెట్ 8 నుంచి 10 కిలోలు తూగుతుంది. పొడి ఇటుక బరువు చూసి ఎంత తేలికో అనుకోకండి, అది తన బరువుకు ఏడెనిమిది రెట్ల నీళ్లు పట్టుకుంటుంది. మంచిదే, మే నెల ఎండకు చెట్టును కాపాడేది ఆ నీళ్లే. ఉప్పు పోయేదాకా రెండు మూడు సార్లు కడగాలి, లేకుంటే నారు ఎదగదు.

మాకు దగ్గర్లో ఉన్న ప్రత్యామ్నాయం ఊక. మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊరు, ఊకకు కరువు లేదు. బకెట్ ఊక రెండు, రెండున్నర కిలోలే. బరువు తగ్గించడంలో దాన్ని మించింది లేదు, తొందరగా కుళ్లదు, మట్టి గట్టిపడనివ్వదు. కానీ నీళ్లు పట్టుకోదు. ఐదో వంతు దాటితే పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికి ఉండవు. ఊక బూడిద అనుకుంటే ఇంకో జాగ్రత్త: అది క్షారం, మన నీళ్లే చాలాచోట్ల క్షారం, పిడికెడుకు మించి వద్దు. నా మాట అడిగితే, మిద్దె మీద రోజూ రెండు పూటలా నీళ్లు పోసే ఓపిక ఉన్నవాళ్లకు ఊక చాలు. ఊరు వెళ్తూ వస్తూ ఉండేవాళ్లు కోకోపీట్‌కు పైసలు పెట్టండి. నేను కోకోపీట్‌లో కొంత తగ్గించి ఆ మేర ఊక వేస్తాను.

ఎరువు కొనేటప్పుడు కిలోల మాయ

వర్మికంపోస్టు కిలోల్లో అమ్ముతారు. 50 కిలోల సంచి మామూలు తేమతో ఉంటే 80 లీటర్ల దాకా రావాలి, నాలుగు బకెట్లు. ఒకసారి నేను తెచ్చిన సంచి మూడు బకెట్లకు అయిపోయింది. పిడికిట్లో పిండితే నీళ్లు కారాయి. అంటే నేను నీళ్లు కొన్నాను. కొనే ముందు గుప్పెడు తీసి పిండండి: ముద్ద కావాలి, నీళ్లు కారకూడదు. దుకాణాల్లో దొరికే రెడీ పాటింగ్ మిక్స్‌కూ ఇదే సూత్రం. ఐదు కిలోల ప్యాకెట్ ఎన్ని లీటర్లో చూడండి, చాలావాటిలో ఒక్క 12×12 సంచి కూడా నిండదు. రెండు మూడు కుండీలకైతే ఆ ప్యాకెట్లే మేలు, పదికి దాటితే దండగ. ధరను లీటర్లతో భాగిస్తే ఎవరు చవకో అక్కడికక్కడే తేలుతుంది.

పెంట, గొర్రెల ఎరువు పల్లెల్లో సంచి లెక్కన ఇస్తారు, అది మనకు లాభం. గొర్రెల మందలున్న మహబూబ్‌నగర్ వైపు గొర్రె ఎరువు సులువుగా దొరుకుతుంది. అది వేడి చేస్తుంది, మాగనిచ్చి, పెంట వేసే దాంట్లో సగమే వేయండి.

ట్రాక్టర్ చెప్పేవాళ్లకు

1,500 లీటర్ల పైన మట్టే కావాలంటే, అంటే సిమెంటు సంచులు 50 దాటితే, ట్రాక్టర్ దండగ కాదు. 10 నుంచి 15 సంచుల దాకా అయితే ట్రాలీ ఆటో. 15 సంచులంటే 600 కిలోలు, చిన్న ఆటోకు అదే ఎక్కువ. మధ్యలో ఉన్నవాళ్లు ఆటోను రెండు మూడు ట్రిప్పులు తిప్పినా, మిగిలిన మట్టిని ఎక్కడ పెట్టాలన్న బాధ ఉండదు.

నా రెండో ట్రాక్టర్ నాడు, గల్లీ వాళ్లం ఐదుగురం కలిసి తెప్పించినప్పుడు, తొట్టి దించకముందే టేపు పెట్టాను.

"గిదేందన్నా, మట్టికి గూడ టేపు పెడ్తరా? వంద సీఎఫ్టీ బరాబర్ ఉంటది" అన్నాడు డ్రైవర్.

లోపలి పొడవు 10 అడుగులు, వెడల్పు 6. లోతుకు కట్టె గుచ్చితే అడుగున్నర. గుణిస్తే 90. "పదికి నేను పైసలియ్యను తమ్మీ" అన్నాను. నవ్వి ఒప్పుకున్నాడు. 90 ఘనపు అడుగులంటే 2,550 లీటర్లు, బరువు మూడు టన్నుల పైన. మీ గేటు ముందర మోరీ మూత బండలు ఆ బరువుకు, ట్రాక్టర్ బరువుకు నిలుస్తాయో లేదో ముందే చూసుకోండి. మావి ఒకటి పగిలింది.

తోలించే రోజులు ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె లోపు పెట్టుకోండి. అప్పుడు మట్టి పొడిగా ఉంటుంది, మోసే కూలీకి తట్ట తేలిక, గడ్డలు కూడా రోకలి దెబ్బకే పగులుతాయి. మృగశిర దాటి వానలు పడ్డాక చెరువులోకి ట్రాక్టర్ దిగదు.